ఏ పట్టు పడతారో ప్రపంచమంతా తెలుసు.. అయినా ఏళ్ల తరబడి వాళ్లను ఎందుకు ఓడించలేకపోయారు?

2024 ఆగస్టు 6. పారిస్‌లో ఈఫిల్ టవర్‌కు కూతవేటు దూరంలో ఉన్న షాంప్ ద మార్స్ అరీనా. ఒలింపిక్స్ కుస్తీ పోటీలు జరుగుతున్నాయి. ఆ ఒక్కరోజే ఆ హాల్లో రెండు సంచలనాలు చోటుచేసుకున్నాయి.

మొదటిది మనవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. మహిళల 50 కిలోల విభాగం తొలి బౌట్‌లో జపాన్ రెజ్లర్ యుయి సుసాకిని వినేశ్ ఫోగాట్ 3-2తో ఓడించింది. అప్పటిదాకా సుసాకి ఏ విదేశీ రెజ్లర్ చేతిలోనూ ఓడింది లేదు. టోక్యో ఒలింపిక్స్‌లో అయితే ప్రత్యర్థులకు ఒక్క పాయింట్ కూడా ఇవ్వకుండా స్వర్ణం తీసుకెళ్లింది. అలాంటి అమ్మాయిని వినేశ్ చివరి క్షణాల్లో కింద పడేసింది.

రెండోది అదే రోజు రాత్రి. క్యూబాకు చెందిన మిజాయిన్ లోపెజ్ గ్రీకో-రోమన్ 130 కిలోల ఫైనల్లో గెలిచి, మోకాళ్ల మీద కూర్చుని బూట్లు విప్పి మ్యాట్ మధ్యలో పెట్టేశాడు. కుస్తీలో బూట్లు మ్యాట్ మీద వదిలేశారంటే ఇక రిటైరైనట్టే. అది అతని ఐదో ఒలింపిక్ స్వర్ణం. 2008, 2012, 2016, 2020, 2024.. వరసగా ఐదు ఒలింపిక్స్‌లో, ఒకే వ్యక్తిగత పోటీలో స్వర్ణాలు. ఏ ఆటలోనూ అంతకుముందు ఎవరూ చేయని పని ఇది. కార్ల్ లూయిస్, మైకేల్ ఫెల్ప్స్ లాంటివాళ్లు కూడా నాలుగు దగ్గరే ఆగిపోయారు. 42వ పుట్టినరోజుకు సరిగ్గా రెండు వారాల ముందు లోపెజ్ ఈ ఘనత అందుకున్నాడు.

పొద్దున ఒకరి అజేయ రికార్డు కూలింది, రాత్రికి మరొకరి రికార్డు ఎవరికీ అందనంత ఎత్తుకు వెళ్లింది. మరి వీళ్లలో ఎవరు గొప్ప? అసలు కుస్తీ, జూడో, సుమో, ముయే థాయ్ లాంటి ఒకే విద్యలో 'ఆల్ టైమ్ గ్రేట్' అని ఎవరిని అనాలి? దేన్ని బట్టి అనాలి?

ఎంఎంఏకీ దీనికీ తేడా ఏంటి?

1993లో యూఎఫ్‌సీ మొదలైనప్పటి నుంచి ఫైటింగ్ అంటే చాలామందికి ఎంఎంఏనే గుర్తొస్తోంది. గుద్దొచ్చు, తన్నొచ్చు, కింద పడేసి గొంతు బిగించొచ్చు. అక్కడ కుస్తీ వచ్చినవాడు బాక్సింగ్ రానివాడిని ఇబ్బంది పెడతాడు, జుజుత్సు వచ్చినవాడు అది తెలియనివాడిని ఉచ్చులో పడేస్తాడు. అంటే అవతలివాడికి తెలియని విద్య ఒకటి చేతిలో ఉంటే సగం పని అయిపోయినట్టే.

ఒకే విద్యలో ఈ వెసులుబాటు ఉండదు. బరిలోకి దిగే ఇద్దరూ చిన్నప్పటి నుంచి అవే పట్లు నేర్చుకుంటారు. ఛాంపియన్ అయ్యాక ఇంకా కష్టం. అతని వీడియోలు ముందు పెట్టుకుని ప్రపంచంలో కోచ్‌లందరూ కూర్చుంటారు. ఏ చెయ్యి ముందుకొస్తుంది, ఏ కాలు మీద బరువు వేస్తాడు, అలసిపోతే ఏం చేస్తాడు.. అంతా బట్టీ పడతారు. అతనిలా ఆడే కుర్రాడిని తెచ్చి ప్రాక్టీస్ చేయిస్తారు. ఇంత చేసినా ఆ ఒక్క పట్టునే ఆపలేకపోతే? అక్కడి నుంచే అసలు గొప్పతనం మొదలవుతుంది. దీనికి కరేలిన్‌ను మించిన ఉదాహరణ దొరకదు.

130 కిలోల మనిషిని నేల మీద నుంచి ఎత్తి..

అలెగ్జాండర్ కరేలిన్ది సైబీరియాలోని నోవోసిబిర్‌స్క్. గ్రీకో-రోమన్ కుస్తీలో ఒక గట్టి నియమం ఉంది: నడుం కింద పట్టుకోకూడదు, కాళ్లు వాడకూడదు. పడేయాలంటే నడుం పైన పట్టుకుని ఎత్తాల్సిందే. ప్రత్యర్థి బోర్లా పడుకుని మ్యాట్‌ను కరుచుకుని ఉంటే ఎత్తడం ఇంకా కష్టం. తక్కువ బరువు విభాగాల్లో అలా ఎత్తి వెనక్కి విసరడం కనిపించేదే. హెవీవెయిట్‌లో మాత్రం 130 కిలోల మనిషిని అలా లేపడం జరిగే పని కాదనుకునేవాళ్లు.

కరేలిన్ దాన్ని మామూలు విషయం చేసేశాడు. బోర్లా పడుకున్నవాడి నడుం చుట్టూ తలకిందులుగా చేతులు వేసి, లేపి, గాల్లోకి తీసుకెళ్లి వెనక్కి విసిరేవాడు. ఆ పట్టుకు 'కరేలిన్ లిఫ్ట్' అనే పేరే పడిపోయింది. చేతులు నడుం చుట్టూ పడుతున్నాయంటే ఏం జరగబోతోందో ప్రత్యర్థికి తెలుసు, రిఫరీకి తెలుసు, గ్యాలరీలో ఉన్నవాళ్లకీ తెలుసు. కొంతమంది రెజ్లర్లు గాల్లోకి లేవడం కన్నా తామే వెల్లకిలా తిరిగి ఓడిపోవడం మేలనుకున్నారు. పతకం పోతే పోయింది, మెడ మిగిలితే చాలనుకున్నారన్నమాట.

1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో బల్గేరియాకు చెందిన రాంగెల్ గెరోవ్‌స్కీ మీద 0-3తో వెనకబడ్డాడు కరేలిన్. అర నిమిషం కూడా లేదు. అప్పుడు ఎత్తాడు. ఒక్క దెబ్బకు ఐదు పాయింట్లు, స్వర్ణం. తర్వాత 1992, 1996లో కూడా స్వర్ణాలే. తొమ్మిది ప్రపంచ టైటిళ్లు, పన్నెండు యూరోపియన్ టైటిళ్లు. 1987లో సోవియట్ ఛాంపియన్‌షిప్‌లో ఇగోర్ రొస్తొరొత్‌స్కీ చేతిలో ఓడాక 13 ఏళ్లపాటు ఓటమి అన్నదే లేదు. అందులోనూ ఆరేళ్లు ఎవరికీ ఒక్క పాయింట్ కూడా ఇవ్వలేదు. ఫ్రిజ్‌ను ఒక్కడే వీపున వేసుకుని మెట్లెక్కాడన్న కథలు కూడా ప్రచారంలో ఉన్నాయి. అవి లేకపోయినా అతనికి వచ్చిన లోటేమీ లేదు.

మరి ఎలా ఓడాడు? 2000 సెప్టెంబరు 27, సిడ్నీ ఫైనల్. అవతల అమెరికాలోని వయోమింగ్‌లో పాడి పశువుల మధ్య పెరిగిన రూలన్ గార్డ్‌నర్. 1997లో కరేలిన్ చేతిలో 0-5తో ఓడి, గాల్లోకి లేవడం అంటే ఏంటో స్వయంగా చూసినవాడు. అప్పటికి కుస్తీలో ఒక కొత్త నియమం వచ్చింది. మొదటి పీరియడ్‌లో పాయింట్ రాకపోతే, రెండో పీరియడ్ మొదట్లో ఇద్దరూ ఛాతీకి ఛాతీ ఆనించి ఒకరినొకరు చేతులతో బంధించి నిలబడాలి. ఎవరి చేతుల పట్టు ముందు విడిపోతే వాళ్ల ప్రత్యర్థికి ఒక పాయింట్. కరేలిన్ చేతులు ఒక్క క్షణం విడిపోయాయి. వీడియో చూసి మరీ పాయింట్ ఇచ్చారు. మిగతా సమయమంతా ఎత్తడానికి ప్రయత్నించాడు. గార్డ్‌నర్ కదల్లేదు. 0-1.

ఉడుం పట్టు లాంటి పట్టు ఉన్నవాడు, పట్టు విడిచినందుకే ఓడిపోయాడు. నియమం కొత్తది కాబట్టి ఓడాడని అతని అభిమానులు ఇప్పటికీ అంటారు. అది పూర్తిగా నిజం కాదు. నియమం ఇద్దరికీ ఒకటే. పైగా పాయింట్ పోయాక కూడా బోలెడు సమయం ఉంది. 33 ఏళ్ల శరీరం గార్డ్‌నర్‌ను నేల నుంచి లేపలేకపోయింది.

203 విజయాలు.. రాని ఒక ఒలింపిక్స్

జూడోలో ఈ చర్చ వస్తే ముందు వినిపించే పేరు యసుహిరో యమషితా. జపాన్‌లోని కుమమోతోలో పుట్టాడు. 1977 నుంచి 1985లో రిటైరయ్యేదాకా వరసగా 203 విజయాలు. మధ్యలో ఏడు డ్రాలు ఉన్నాయి కానీ ఓటమి లేదు. జపాన్ జాతీయ ఛాంపియన్‌షిప్‌లో బరువు విభాగాలు ఉండవు, ఎవరైనా ఎవరితోనైనా తలపడాల్సిందే. దాన్ని వరసగా తొమ్మిదిసార్లు గెలిచాడు. కెరీర్ మొత్తంలో ఒక్క విదేశీయుడి చేతిలోనూ ఓడలేదు.

అయినా అతని కథలో అసలు మలుపు గెలిచిన పోటీల్లో లేదు, ఆడనివ్వని పోటీలో ఉంది. 1980లో 23 ఏళ్ల వయసు, మంచి ఫామ్. అఫ్గానిస్థాన్‌లోకి సోవియట్ సేనలు వెళ్లాయని అమెరికా మాస్కో ఒలింపిక్స్‌ను బహిష్కరించింది, జపాన్ కూడా అదే దారి పట్టింది. తమను మాస్కోకు పంపండని వేడుకున్న క్రీడాకారుల్లో యమషితా కూడా ఉన్నాడు. ఎవరూ వినలేదు. ఇంకో నాలుగేళ్లు ఆగాలి. హెవీవెయిట్ జూడోలో నాలుగేళ్లంటే మోకాళ్లు, నడుము ఎన్నిసార్లు దెబ్బతినాలో అన్నిసార్లూ తింటాయి.

1984 లాస్ ఏంజెలెస్‌. ఓపెన్ విభాగం రెండో బౌట్‌లో పశ్చిమ జర్మనీకి చెందిన ఆర్థర్ ష్నాబెల్‌తో ఆడుతుండగా యమషితా కుడికాలి పిక్క కండరం చిట్లింది. గెలిచాడు కానీ కుంటుతూ బయటికొచ్చాడు. జూడోలో విసరాలంటే ఒక కాలి మీద నిలబడాలి. సరిగ్గా ఆ కాలే పోయింది. సెమీఫైనల్లో మొదట వెనకబడి కూడా గెలిచాడు. ఫైనల్లో ఎదురుగా ఈజిప్టుకు చెందిన మహమ్మద్ రష్వాన్. నిమిషం దాటగానే రష్వాన్‌ను కింద పడేసి అదిమి పట్టుకున్నాడు. లేవనివ్వలేదు. అంతే, స్వర్ణం.

గాయమైన కాలి మీద రష్వాన్ దాడి చేయలేదన్న మాట ఆ తర్వాత ప్రపంచమంతా పాకింది. అతనికి ఫెయిర్ ప్లే పురస్కారం కూడా వచ్చింది. ఆ బౌట్ వీడియో చూసినవాళ్లలో ఈ విషయమై వాదోపవాదాలు ఉన్నాయి. ఎవరికీ అనుమానం లేనిది మాత్రం ఒకటుంది. పతకాల వేదిక ఎక్కడానికి ఇబ్బంది పడుతున్న విజేతకు చెయ్యి అందించింది ఓడినవాడే.

యమషితాకు నిజమైన పరీక్ష పెట్టింది విదేశీయులు కాదు, స్వదేశంలోని హితోషి సైతో. 1984లో 95 కిలోల పైబడిన విభాగంలో ఒలింపిక్ స్వర్ణం సైతోదే. 1988లో కూడా గెలిచాడు. ఇంత గొప్పవాడు కూడా 1983, 84, 85ల్లో మూడుసార్లు జాతీయ ఫైనల్‌కొచ్చి మూడుసార్లూ యమషితా చేతిలోనే ఓడాడు. చివరిదైతే నిర్ణేతల తీర్పు మీద తేలింది. ఆ తీర్పు అటూ ఇటూ అయితే 203 అన్న అంకె దగ్గర పక్కన ఒక ఓటమి కూడా రాయాల్సి వచ్చేది. ఈ సైతో పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

154 దగ్గర ఆగిన రినేర్

ఫ్రాన్స్‌కు చెందిన టెడ్డీ రినేర్ పుట్టింది కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో. రెండు మీటర్లకు పైగా ఎత్తు. 2007లో 18 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్. 2010 సెప్టెంబరులో టోక్యోలో జరిగిన ప్రపంచ పోటీల ఓపెన్ విభాగం ఫైనల్లో డైకి కమికవా చేతిలో నిర్ణేతల తీర్పుతో ఓడాడు. మళ్లీ ఓడింది 2020 ఫిబ్రవరిలో. మధ్యలో వరసగా 154 విజయాలు. ఆపింది మరో జపాన్ జూడోకా కొకొరో కగెఉరా, అదీ రినేర్ సొంతగడ్డ పారిస్‌లో.

అయితే ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. 2017 చివరి నుంచి 2019 మధ్యదాకా రినేర్ పోటీల్లోకే దిగలేదు. పెద్ద ఛాంపియన్లు ఏ టోర్నీ ఆడాలో ఏది మానేయాలో చూసుకుంటారు. అందులో తప్పేం లేదు. కానీ పదేళ్ల అజేయం అన్నప్పుడు ఆ పదేళ్లలో ఎన్ని నెలలు మ్యాట్ మీద ఉన్నాడో కూడా చూడాలి.

రినేర్ విలువ అసలు తెలిసింది ఓడిపోయాకే. టోక్యో ఒలింపిక్స్ క్వార్టర్‌ఫైనల్లో ఓడి కాంస్యంతో సరిపెట్టుకున్నాడు. అయిపోయిందనుకున్నారు. 35 ఏళ్ల వయసులో, సొంత నగరంలో, ఒలింపిక్ జ్యోతి వెలిగించిన వారం రోజులకే, 2024 ఆగస్టు 2న దక్షిణ కొరియాకు చెందిన కిమ్ మిన్-జాంగ్‌ను ఇప్పోన్‌తో విసిరి మళ్లీ స్వర్ణం గెలిచాడు. జూడోలో ఇప్పోన్ అంటే పూర్తి విజయం, అక్కడితో బౌట్ ఖతం. ఇది కూడా అదే షాంప్ ద మార్స్ అరీనాలోనే.

మరుసటి రోజు మిక్స్‌డ్ టీమ్ ఫైనల్. ఫ్రాన్స్, జపాన్ 3-3తో సమం. నిర్ణాయక బౌట్ ఏ బరువు విభాగానికో తెర మీద డిజిటల్ చక్రం తిప్పి తేల్చారు. అది వచ్చి 90 కిలోల పైబడిన విభాగం దగ్గర ఆగింది. అంటే రినేర్. ఎదురుగా వచ్చిన కుర్రాడి పేరు తత్సురు సైతో. యమషితాతో మూడు ఫైనళ్లు ఆడిన ఆ హితోషి సైతో కొడుకే. తండ్రి 2015లోనే చనిపోయాడు. అదనపు సమయంలో రినేర్ గెలిచాడు, ఫ్రాన్స్‌కు స్వర్ణం. తమ తరంలోని మహా యోధుడిని దాటలేకపోవడం ఆ ఇంట్లో ఇది రెండో తరం.

మహిళల కుస్తీలో యోషిదా, ఇచో

మహిళల కుస్తీకి ఒలింపిక్స్‌లో చోటు దొరికిందే 2004లో. అప్పటి నుంచి 2012దాకా మూడు ఒలింపిక్స్‌లోనూ స్వర్ణం గెలిచింది జపాన్‌కు చెందిన సవోరి యోషిదా. వాటికి తోడు 13 ప్రపంచ టైటిళ్లు. ఆమె ఆయుధం ఒక్కటే, మెరుపు వేగంతో ప్రత్యర్థి కాళ్ల మీదికి దూకే టాకిల్. తండ్రే కోచ్, ఇంట్లోనే శిక్షణ. ఆడపిల్లలకు తండ్రే కుస్తీ నేర్పిన 'దంగల్' కథ మనకు తెలుసు కాబట్టి ఆ ఇల్లు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. 2008 జనవరిలో అమెరికా రెజ్లర్ మార్సీ వాన్ డ్యూసెన్ ఆమె టాకిల్‌ను తిప్పికొట్టి 119 వరస విజయాలకు తెరదించింది. అదే ఏడాది బీజింగ్‌లో యోషిదా మళ్లీ ఛాంపియన్.

2016 రియోలో ఫైనల్. హెలెన్ మరూలిస్‌ను అంతకుముందు రెండుసార్లు ప్రపంచ పోటీల్లో యోషిదా భుజాలు నేలకు ఆనించి మరీ ఓడించింది. మూడోసారి మరూలిస్ 4-1తో గెలిచింది. జపాన్ బృందానికి కెప్టెన్‌గా వెళ్లిన యోషిదా వెండి పతకం గెలిచి కూడా ఏడుస్తూ టీవీ కెమెరాల ముందు దేశానికి క్షమాపణ చెప్పింది. మూడు స్వర్ణాలు తెచ్చిన మనిషి క్షమాపణ చెప్పాల్సి రావడం.. వరస విజయాల భారం ఎలా ఉంటుందో అక్కడ కనిపించింది.

ఆమె సహచరి కవోరి ఇచో కథ దీనికి పూర్తిగా తిరగబడింది. 2003 తర్వాత మ్యాట్ మీద ఓటమి ఎరగకుండా 189 విజయాలదాకా వెళ్లిన ఇచోను 2016 జనవరిలో మంగోలియాకు చెందిన పురెవ్‌దోర్జ్ ఓర్ఖాన్ 10-0తో చిత్తు చేసింది. ఏడు నెలల తర్వాత రియో ఫైనల్లో చివరి సెకన్లదాకా వెనకబడే ఉండి, ఆఖర్లో లాక్కుని 3-2తో గెలిచింది ఇచో. నాలుగు ఒలింపిక్స్‌లో వ్యక్తిగత స్వర్ణం గెలిచిన తొలి మహిళ ఆమే, ఏ ఆటలోనైనా సరే. ఇద్దరిలో యోషిదాకే పేరు ఎక్కువ. మ్యాట్ మీద లెక్క చూస్తే మాత్రం ఇచోదే పైచేయి.

62 కిలోల కుర్రాడు యోకోజునా ఎలా అయ్యాడు?

బరువు విభాగాలే లేని ఆట సుమో. 100 కిలోలవాడు 200 కిలోలవాడితో తలపడాలి. ఏడాదికి ఆరు టోర్నీలు, ఒక్కో టోర్నీ 15 రోజులు, రోజుకో ప్రత్యర్థి. తప్పించుకుని తిరగడానికి కుదరదు.

ఇక్కడ లెక్కల్లో అందరికన్నా పైన ఉన్నవాడు హకుహో. పుట్టింది మంగోలియాలో. తండ్రి మోంఖ్‌బాత్ 1968 మెక్సికో ఒలింపిక్స్ కుస్తీలో రజతం గెలిచినవాడు. 2000లో 15 ఏళ్ల వయసులో జపాన్ వచ్చినప్పుడు హకుహో బరువు 62 కిలోలే. ఈ బక్కపలచని కుర్రాడిని ఏ శిక్షణ కేంద్రమూ తీసుకోలేదు. ఇంటికి తిరుగు ప్రయాణమయ్యే సమయానికి ఒక గురువు ఒప్పుకున్నాడు. 2021లో రిటైరయ్యేనాటికి 45 టోర్నీ టైటిళ్లు, 1,187 విజయాలు. రెండూ రికార్డులే. ఆఖరి పూర్తి టోర్నీలో కూడా 15కు 15 గెలిచాడు.

కానీ ఒక రికార్డు అతనికి దక్కలేదు. 1930ల్లో ఫుతబయామా సాధించిన 69 వరస విజయాలు. 2010 నవంబరులో హకుహో 63 దగ్గర ఉండగా కిసెనొసతో ఆపేశాడు. సుమో పెద్దలకు హకుహో మీద ఫిర్యాదులూ ఉన్నాయి. చెంప మీద కొట్టి, మోచేత్తో గుద్ది బౌట్ మొదలుపెట్టడం యోకోజునా హోదాకు తగదని అనేవాళ్లు. నియమాల్లో అది తప్పు కాదు, సంప్రదాయంలో మాత్రం మర్యాద కాదు. సుమోలో గొప్పతనం కొలవడానికి గెలుపు ఒక్కటే సరిపోదు, గెలిచిన తీరు కూడా చూస్తారు.

గెలిచీ గెలిచీ ప్రత్యర్థులే లేకుండా పోతే?

థాయ్‌లాండ్‌లో ముయే థాయ్‌కు 1980లను స్వర్ణయుగం అంటారు. అప్పటి పొడగరి డీజెల్నోయ్ మోకాలి దెబ్బలకు ఎదురు లేదు. 1981లో బ్యాంకాక్ లుంపినీ స్టేడియం లైట్‌వెయిట్ ఛాంపియన్ అయ్యాడు. 1982లో సమార్త్ పయకరూన్‌ను కూడా ఓడించాడు. సమార్త్ అంటే నాలుగు బరువు విభాగాల్లో లుంపినీ టైటిళ్లు గెలిచి, తర్వాత 1986లో బాక్సింగ్‌లోనూ ప్రపంచ ఛాంపియన్ అయినవాడు. చాలామంది థాయ్ అభిమానుల లెక్కలో ఆల్ టైమ్ నంబర్ వన్. అతన్నే ఓడించాక డీజెల్నోయ్‌కు ఏం మిగిలింది? తలపడేవాళ్లు లేక టైటిల్ వదులుకోవాల్సి వచ్చింది. అక్కడి ఫైట్లు పందేల మీద నడుస్తాయి. ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన ఫైట్ మీద పందెం కాసేదెవరు? పందెం లేకపోతే ఫైట్ లేదు, ఫైట్ లేకపోతే డబ్బు లేదు.

మన దగ్గర ఇలాంటి పేరు గామా పహిల్వాన్. అసలు పేరు గులాం ముహమ్మద్. 1910లో లండన్ వెళ్తే పొట్టిగా ఉన్నాడని మొదట పోటీలోకి రానివ్వలేదు. దాంతో బహిరంగంగా సవాలు విసిరాడు. ఆ సెప్టెంబరు 10న పోలండ్‌కు చెందిన ప్రఖ్యాత మల్లయోధుడు స్టానిస్లాస్ జ్బిష్కో రెండున్నర గంటలకు పైగా ఎక్కువ భాగం నేలను కరుచుకుని పడుకుని డ్రా చేసుకున్నాడు. వారం తర్వాత మళ్లీ తలపడాలి. రాలేదు. 1928లో పటియాలాలో ఇద్దరూ మళ్లీ కలిస్తే నిమిషంలోపే గామా పడేశాడు. గామా ఐదు వేల కుస్తీలు ఆడాడని, ఒక్కటీ ఓడలేదని చెబుతుంటారు. ఆ ఐదు వేలూ లెక్కపెట్టి రాసిన పుస్తకం లేదు. కాబట్టి అతన్ని కరేలిన్ పక్కన అంకెలతో నిలబెట్టి పోల్చలేం. జ్బిష్కో లాంటివాడు నిలబడి పోరాడే ధైర్యం చేయకపోవడమే గామాకు దొరికిన అతిపెద్ద సర్టిఫికెట్.

ఇంతకీ లోపెజ్ స్థానం ఎక్కడ?

విచిత్రం ఏంటంటే, ఐదు స్వర్ణాల లోపెజ్‌కు వరస విజయాల రికార్డు ఏమీ లేదు. 2004 ఏథెన్స్‌లో పతకమే రాలేదు. 2011, 2015 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనళ్లలో టర్కీకి చెందిన రిజా కయాల్ప్ చేతిలో ఓడాడు. కరేలిన్‌లా 13 ఏళ్లు ఎవరికీ అందకుండా లేడు. కానీ నాలుగేళ్లకోసారి వచ్చే ఆ ఒక్కరోజున మాత్రం 2008 నుంచి అతన్ని ఎవరూ కదిలించలేకపోయారు. తనను రెండుసార్లు ఓడించిన కయాల్ప్‌నే 2016 రియో ఫైనల్లో 6-0తో మట్టికరిపించాడు. టోక్యోలో ఒక్క పాయింట్ కూడా ఇవ్వలేదు. ఆ తర్వాత దాదాపు పోటీలకే దూరంగా ఉండి, పారిస్ వచ్చి మళ్లీ గెలిచాడు.

ప్రత్యర్థులకు ఏడాది పొడవునా దొరక్కుండా, పెద్దరోజునే కనిపించడం అతని బలం అని ఒక వాదన. ఒకరకంగా రినేర్ మీద ఉన్న విమర్శే ఇక్కడ మెచ్చుకోలుగా మారింది. నిలకడ చూస్తే కరేలిన్ ముందుంటాడు. అసలైన రోజున గెలవడమే ముఖ్యమైతే లోపెజ్ ముందుంటాడు. ఇద్దరూ ఒకే విద్య, ఒకే భారీ బరువు విభాగం కావడంతో గ్రీకో-రోమన్ అభిమానుల్లో ఈ గొడవ ఇప్పట్లో తేలేది కాదు. అయితే కరేలిన్ ఓడాక తిరిగి గెలిచే అవకాశం తీసుకోలేదు, లోపెజ్ ఓడిన ప్రతిసారీ తిరిగొచ్చి గెలిచాడు. అందుకే తూకం కొంచెం లోపెజ్ వైపే మొగ్గుతుంది.

పారిస్ ఫైనల్లో 0-6తో ఓడి రజతం తీసుకున్న యాస్మానీ అకోస్తా జెర్సీ మీద చిలీ అని ఉన్నా, పుట్టింది క్యూబాలోనే. లోపెజ్‌తో కలిసి ప్రాక్టీస్ చేసినవాడు. లోపెజ్ ఉన్నంతకాలం క్యూబా జట్టులో తనకు చోటు దొరకదని 2015లో దేశమే వదిలి చిలీ వెళ్లాడు. తొమ్మిదేళ్ల తర్వాత ఒలింపిక్ ఫైనల్‌కు చేరితే అక్కడా ఎదురుగా లోపెజే ఉన్నాడు.

ఇక సుసాకిని ఓడించిన వినేశ్ అదే రోజు మరో రెండు బౌట్లు కూడా గెలిచి ఫైనల్‌కు చేరింది. మర్నాడు పొద్దున తూకంలో 100 గ్రాములు ఎక్కువ తూగడంతో అనర్హత వేటు పడింది. సుసాకి కాంస్య పతక బౌట్ ఆడి 10-0తో గెలిచింది. ఒలింపిక్స్ అధికారిక ఫలితాల పట్టికలో 50 కిలోల విభాగంలో సుసాకి పేరు పక్కన కాంస్యం ఉంటుంది. ఆమెను ఓడించిన ఏకైక విదేశీయురాలి పేరు ఆఖరున, ర్యాంకు లేకుండా ఉంటుంది.